బిగిసిన బోల్టును విడిపించుట

బోల్టులు, స్ప్రింగులు, మోటారు కారులు నను మాటలు ఈ పత్రికలో గానవచ్చుట మీలో కొందఱికి వింతగా దోపవచ్చును. ఊరుగాయలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు చదువుకొను మనకు వీనితో నేమి పనియని యడుగవచ్చును. కాని కారు క్రింద పండుకొని సుత్తితో గొట్టుచున్నవాడు మన కొడుకో, తోడబుట్టినవాడో యైనపుడు, ఆ పని యెట్టిదో, అందెక్కడ నపాయము పొంచియున్నదో మన మెఱిగియుండుట మేలు. గడచిన వేసవిలో నాకట్టి యవసరము కలిగెను.

మా తమ్ముడు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. అతడు మాజ్డా ఎం.ఎక్స్-5 అను రెండు కూర్చుండు తావులుగల పాత కారు నొకదానిని కొనెను. ఈ జాతి కారును జపాను కంపెనీవారు 1989వ సంవత్సరమున చికాగో ప్రదర్శనములో లోకమునకు జూపిరి. తేలికయైనది, మలుపులయందు చక్కగా నడచునది యని దీనికి పేరు. దానిని మఱికొంత నేలకు దింపిన మలుపులలో పక్కకు వ్రాలుట తగ్గునని మావాడు పొట్టి స్ప్రింగులు తెప్పించుకొనెను. బరువు నేలకు దగ్గఱైనకొలది బండి నిలుకడ హెచ్చును గనుక ఆ కోరిక యర్థములేనిది కాదు.

అయితే కారును దింపినంతమాత్రమున పని ముగియదు. స్ప్రింగు పొట్టిదైనచో చక్రములను బట్టియుండు ఇనుప బాహువుల వాలు మారును. చక్రముల తలలు లోపలికి వంగును. ముందుచూపును గొంచెము తప్పును. దానిని సవరింపకున్న టైరులు లోయంచున త్వరగా నరిగిపోవును. అందులకే ఈ కారునకు చక్రమున కిద్దఱు కావలివాండ్రవలె రెండేసి చొప్పున మొత్తము ఎనిమిది సర్దుబాటు బోల్టులు కలవు. వీని తలయొద్ద నడిమి తప్పిన బిళ్ళ యుండును. బోల్టును త్రిప్పినపుడు ఆ బిళ్ళ బాహువును కొంచె మిటో యటో జరపును. మావాని కారులో ఆ యెనిమిదింటిలో నొక్కటియు కదలలేదు.

దీనికి కారణము ఉప్పు. మిచిగనులో చలికాలమున బాటలపై మంచు గడ్డకట్టకుండ నుప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు గడ్డకట్టుటకు మఱింత చలి కావలయును. ఆ నీరే కారు క్రిందికి జిమ్మి ఇనుమును తినును. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగ ప్రవహించును గావున తుప్పు వేగముగ బెరుగును. తుప్పు తాను దినిన యినుముకంటె హెచ్చు చోటు నాక్రమించును. ఇఱుకైన సందులో నది పొంగి, రెండు లోహములను మేకు గొట్టినట్లు బిగించివేయును.

ఇచ్చట నింకొక మర్మము కలదు. బోల్టు నేరుగ బాహువులో నుండదు. రబ్బరు బుష్షు నడుమనున్న ఇనుప గొట్టములో దూరియుండును. తుప్పు పట్టునది బోల్టునకు గొట్టమునకు నడుమ. కావున నట్టు ఊడివచ్చినను బోల్టు రాదు. స్పానరుతో త్రిప్పినపుడు గొట్టము గూడ బోల్టుతో దిరుగును. రబ్బరు మెలికపడి, చేయి వదలినంతనే మఱల యథాస్థానమునకు లాగును. చూచువానికి బోల్టు కదలినట్లే యుండును గాని యది భ్రాంతి. ఇంకను బలము చేసినచో రబ్బరు చిరుగును, లేదా బోల్టు తల తెగును.

ఒకనాడు నేను ఫోనులో మాటలాడుచు వాని షెడ్డును జూచితిని. కారు ఒక్క జాకీమీద నిలిచియున్నది. మావాడు దానిక్రింద సగము దూరి, ప్రక్కన గ్యాసు మంట దీపము నుంచుకొని, "అక్కా, రెండు దినములుగా కొట్టుచున్నాను. ఇక నిప్పే దిక్కు" అనెను. నా గుండె జల్లుమనెను. మా యమ్మ వంటయింటిలో నుండెను. ఆమె వినకుండ మెల్లగా, "ముందుగా నీ విటు వెలికి రమ్ము" అంటిని. వాడు నవ్వెను గాని వచ్చెను.

నాకు మా పుట్టినింటి బావి గిలక జ్ఞప్తికి వచ్చినది. పలమనేరులో మా పెరటి బావికి ఇనుప గిలక యుండెడిది. దాని యిరుసు బోల్టు తుప్పుపట్టి తిరుగక పోయినపుడు నాయనగారు కోపముతో సమ్మెటపెట్టి కొట్టిరి. తల తెగి బావిలో బడెను. రెండు దినములు నీరు లేక పొరుగిండ్ల కడవలతో నడిచినారము. పిమ్మట వచ్చిన కమ్మరి వృద్ధుడు నింపాదిగా తుప్పు గీకి, నూనె పోసి, గుడ్డ చుట్టి, "మూడు రాత్రులు నాననిండు" అని వెడలిపోయెను. నాలుగవనాడు మిగిలిన బోల్టు ముక్క మెల్లగా వెలికి వచ్చెను.

సంస్కృతమున స్నేహమనగా నూనె యనియు నర్థమున్నది, ప్రేమ యనియు నున్నది. ఆయుర్వేదమున గట్టి చికిత్సకు ముందు స్నేహనము, తరువాత స్వేదనము, అనగా ముందు నూనె, పిదప వేడి యను క్రమము కలదు. ఈ క్రమము ఇనుమునకును జెల్లునని తమ్మునితో నంటిని. వాడును తనకు దెలిసిన సంగతులను గలిపి పనిని మఱల మొదలిడెను. ఆ విధ మిది.

మొదట కారును ఎత్తిన పిదప గట్టి నేలపై జాకీ స్టాండులమీద నిలిపి, నేలనంటియున్న చక్రములకు అడ్డుకట్టెలు పెట్టవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. నొక్కబడిన స్ప్రింగు వదలిపోయిన మనిషిని చంపగల బలము కలది గనుక దానిని బిగించు పనిముట్టు మంచిది కావలెను.

తరువాత తీగె బ్రష్షుతో తుప్పు దులిపి, బిళ్ళ యే స్థానమున నున్నదో రంగుతో గుర్తు పెట్టవలెను. పిదప సందులలోనికి దిగు పలుచని నూనెను బోల్టు రెండు కొనలయందును పోయవలెను. ఇట్టి వానిలో డబ్ల్యూడీ-40 అనునది 1953లో అమెరికాలోని శాన్‌డియాగో నగరమున పుట్టినది. నలుబదవ ప్రయత్నమున ఫలించినందున ఆ యంకె దాని పేరులో నిలిచినది. తుప్పు విషయమున తొందర పనికిరాదనుట కా పేరే సాక్షి. నూనె పోయుట ఉదయము సాయంకాలము మూడు నాలుగు దినములు సాగవలెను. నట్టును విప్పుటకు ముందు కొంచెము బిగించు దిక్కుగా కదిపి, పిదప విప్పు దిక్కునకు, ఇట్లు ముందువెనుకలుగా ద్రిప్పవలెను. బోల్టు కొనను గొట్టవలసి వచ్చిన, నట్టును కొనతో సమముగ నుంచి కొట్టినచో మరచుట్లు చెడవు.

అప్పటికిని రానిచో వేడి. పండ్రెండు మిల్లీమీటర్ల లావుగల ఉక్కు బోల్టు రెండు వందల డిగ్రీల వేడి హెచ్చినపుడు మిల్లీమీటరులో నూఱింట మూడు వంతులు మాత్రమే లావగును. ఆ స్వల్పమే తుప్పు పొరను పగులగొట్ట జాలును. చల్లారిన పిదప ఆ పగుళ్ళలోనికి నూనె దిగును. కాని మంటతో వేడిచేసిన రబ్బరు కాలి విషపు పొగ వచ్చును, నూనె యంటుకొనును, బ్రేకు గొట్టములు, పెట్రోలు గొట్టములు చేరువనే యుండును. నిప్పు వలదని నేను బ్రతిమాలుకొన్నది యిందులకే. మన యిండ్లలోని ఇండక్షను పొయ్యి మంటలేక గిన్నెను వేడిచేయునట్లు, బోల్టును మాత్రము వేడిచేయు తీగచుట్ట పనిముట్టొకటి కలదు. నూనె బాగుగ తుడిచి, ఆర్పుసాధనము ప్రక్కన నుంచుకొని, మావాడు దానినే వాడెను.

నాలుగు దినముల నూనెతో నాలుగు బోల్టులు వచ్చెను. వేడితో నింకొక రెండు వచ్చెను. మిగిలిన రెంటిని బుష్షు కిరుప్రక్కల రంపముతో కోసివేయవలసి వచ్చెను. కోయుట యోటమి యని వాడు చిన్నబోయెను. "క్రొత్త బోల్టునకగు వెల చేతివ్రేళ్ళ వెలకంటె తక్కువయే" యని వానికి నచ్చజెప్పితిని.

బిగించునపుడును రెండు మెలకువలు గలవు. గొట్టములో దూరు బోల్టు నడుము భాగమునకు తుప్పు నాపు కందెన పూయవలెను. మరచుట్లకు పూయరాదు; పూసినచో చెప్పిన కొలతకే బోల్టు మితిమీరి సాగును. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా తుది బిగింపు చేయరాదు. కారు తన బరువుతో నేలపై నిలిచిన పిదపనే చేయవలెను. లేనిచో రబ్బరు నిత్యము మెలికపడియుండి త్వరలో చిరుగును. తుదకు చక్రముల పొందికను యంత్రముపై సరిచూపించి తీరవలెను.

మన దేశపు యువకులు దీనిని జదివి ఉత్సాహపడక ముందొక మాట. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండిని నిర్మాత యిచ్చిన తీరుకు భిన్నముగ మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును దీనిని బలపఱచినది. చట్టమటుంచినను, పలమనేరునుండి చిత్తూరునకు మొగిలి కనుమ దిగి పోయిన వారికి మన బాటల గతుకులు తెలియనివి కావు. నేలకు దిగిన కారు గతుకులను సహింపదు.

కారు లేని యింటికిని ఈ పాఠము పనికివచ్చును. కుట్టుమిషను మర, బోరింగు పిడి బోల్టు, వాకిటి గేటు కీలు, నీళ్ళ పంపు నట్టు, అన్నియు నీ తుప్పుకే లోనగునవి. వానకాలమునకు ముందొక నాడు వీని నన్నిటిని తుడిచి చుక్క నూనె వేసిన, సుత్తి పని పడదు. బిగిసిన పిదపనైనను ముందు నూనె, పిదప నోపిక, కడపటనే బలము.

క్రొత్త బోల్టులకు కందెన పూయుచు మా తమ్ముడు, "అక్కా, పదేండ్లకు దీనిని విప్పువాడు నన్ను తిట్టుకొనడు" అనెను. వాడు కారు క్రిందనుండి నవ్వుచు మాటలాడుచుండెను. ఈ మాఱు కారు నాలుగు స్టాండులమీద నిలిచియుండెను. ఆ దినమున మా యమ్మను గూడ పిలిచి చూపితిని.