దండోరా వినబడనివారికి నాయకుడెవరు?

గ్రామములో దండోరా వేయించినచో కబురు ఊరంతటికిని అందినదని మనము తలచుచుందుము. కాని వినికిడి లేనివారి వాకిట డప్పు ఎంత మ్రోగినను వారికి కబురు చేరదు. నాయకుడు మంచివాడా కాడా అనునది ఆ వాకిటనే తేలును.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ పట్టణము రాతి శిల్పులకు పేరుపొందినది. ఉలి దెబ్బల నడుమ, రాతిని కోయు యంత్రపు రొదలో, వినికిడి బాగుగా ఉన్నవారికి సైతము మాట వినబడదు. కొలతయైనను, హెచ్చరికయైనను చేతితోనే చెప్పుకొనవలసి వచ్చును. అంతమాత్రమున పని ఆగదు. వినబడకపోవుటకంటె, కంటికి కనబడునట్లు చెప్పకపోవుటయే పనికి పెద్ద అడ్డని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

చదువుకొని ఉద్యోగములు చేయుచున్న బధిరులు కోరునది జాలిపడు నాయకుని కాదు. సభకు ముందే విషయములను వ్రాసి యిచ్చువాడు, ముఖము కనబడునట్లు ఎదుట నిలిచి మాటలాడువాడు, ఒకరి తరువాత ఒకరు మాటలాడునట్లు చూచువాడు, అవసరమైనచోట సంజ్ఞాభాష తెలిసిన దుబాసీని పిలిపించువాడు వారికి నాయకుడు. "నీకు తరువాత చెప్పెదములే" అనువాడు కాడు. ఆ తరువాత వచ్చుసరికి నిర్ణయము ముగిసియుండును.

ఇంతకంటె పై మెట్టు మరియొకటి కలదు. బధిరులే నాయకులగుట. అమెరికా రాజధాని వాషింగ్టనులో బధిరుల కొరకు 1864లో కళాశాలగా వెలసిన గ్యాలొడెట్ విశ్వవిద్యాలయమునకు 124 సంవత్సరములు వినికిడి కలవారే అధ్యక్షులైరి. 1988 మార్చిలో మరల అట్టివారినే నియమింపగా విద్యార్థులు తరగతులు విడిచి, ద్వారములు మూసి నిలిచిరి. వారము రోజులలో ఆ అధ్యక్షురాలు తప్పుకొనిరి. బధిరుడైన ఐ. కింగ్ జోర్డన్ ఆ పదవిని స్వీకరించి 2006 వరకు సంస్థను నడపిరి. పాలకమండలిలో సగమునకు మించి బధిరులే ఉండవలెనను కోరికయు నెరవేరినది.

మన దేశములో 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయముతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొనిరి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు దివ్యాంగులకు కేటాయించినది. అందొకటి బధిరులకును, వినికిడి తక్కువైనవారికిని చెందును. అయితే కుర్చీ యిచ్చినంతనే సరిపోదు. ఆ కుర్చీకి మాటయు చేరవలెను.

కావున నంద్యాల కార్యాలయముల అధికారులకును, ఆళ్లగడ్డ చుట్టుపట్ల గ్రామముల సర్పంచులకును మా మనవి యొకటి. దండోరాతోపాటు నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. సెల్‌ఫోనుకు సందేశము పంపించుడు. చదువురానివారికి, వారి సైగలు తెలిసిన ఇంటివారి ద్వారా తెలియజేయుడు. గ్రామసభలో వారిని ముందు వరుసన కూర్చుండబెట్టుడు. తీర్మానము వ్రాయుటకు ముందే వారి అభిప్రాయమును అడుగుడు. వారిలో ఒకరు చేయెత్తి "నాకు సమ్మతము కాదు" అని తెలుపగలిగినప్పుడే అది ఊరందరి సభ యగును.