రేవు పోయింది... పాట మిగిలింది!

ప్రేమ ఫలిస్తే పెళ్లి మేళం. విఫలమైతే ఏళ్ల తరబడి వెంటాడే పాట. జపాన్‌లో అయినా అంతే, పల్నాడులో అయినా అంతే!

2022లో కొత్త జిల్లాలు వచ్చాక అచ్చంపేట గుంటూరు నుంచి పల్నాడు జిల్లాకు మారింది. జిల్లా మారినా పక్కనున్న కృష్ణమ్మ మారలేదు. మండలంలోని మాదిపాడు రేవుకు ఎదురుగా, అవతలి ఒడ్డున ముక్త్యాల. ఏళ్ల తరబడి ఈ రెండు ఒడ్లనూ కలిపింది బల్లకట్టే. ఏరు పొంగితే అదీ ఆగిపోయేది. కళ్లెదుట కనిపించే ఊరికి ఎక్కడెక్కడో చుట్టు తిరిగి వెళ్లాల్సిందే.

రేవులో వీడ్కోలు బస్టాండులో వీడ్కోలు లాంటిది కాదు. బస్సు మలుపు తిరిగితే కనుమరుగవుతుంది. బల్లకట్టు అలా కాదు. మెల్లగా కదులుతుంది. వెళ్లే మనిషి చిన్నగా, ఇంకా చిన్నగా... చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. దిగబెట్టడానికి వచ్చినవాళ్లు అంతసేపూ ఒడ్డున నిలబడే ఉంటారు.

ఆ ‘చాలాసేపు’ను పట్టుకుని పాటలు కట్టినవాళ్లు జపనీయులు. నాలుగు వైపులా సముద్రమే ఉన్న దేశం కదా! వాళ్ల విరహగీతాలను ‘ఎన్‌కా’ అంటారు. వాటి నిండా రేవులు, ఓడ కూతలు, మంచు, ఒంటరి మనుషులు. తమాషా ఏమిటంటే, 1880ల్లో ఈ మాట పుట్టినప్పుడు దానికి ప్రేమతో సంబంధమే లేదు. ప్రభుత్వం రాజకీయ సభలను అడ్డుకుంటుంటే ఉద్యమకారులు ఉపన్యాసాలనే పాటలుగా కట్టి వీధుల్లో పాడారు. అలా మొదలైన పేరు చివరికి కన్నీటి పాటలకు స్థిరపడింది.

మంచులో ఓడ

1977 జనవరిలో ఓ పాట విడుదలైంది. పేరు ‘త్సుగారు కైక్యో ఫుయుగెషికి’. త్సుగారు జలసంధిలో శీతకాలపు దృశ్యం అని అర్థం. అకు యూ రాశారు. మికి తకాషి బాణీ కట్టారు. పాడిన ఇషికావా సయూరికి అప్పటికింకా పంతొమ్మిదేళ్లు నిండలేదు.

కథ చాలా చిన్నది. టోక్యోలోని ఉయెనో స్టేషన్లో రాత్రి రైలెక్కిన ఒకామె, ప్రధాన దీవికి ఉత్తరపు కొసనున్న అఒమోరిలో దిగుతుంది. మంచు కురుస్తుంటుంది. హొక్కైడో దీవికి వెళ్లే ఓడ ఎక్కి ఏడుస్తుంది. అంతే! అతనెవరో, ఎందుకు విడిపోయారో తెలియదు. తప్పెవరిదో తేల్చరు. మన సినిమాలో అయితే ఈపాటికి ఫ్లాష్‌బ్యాక్‌ మొదలయ్యేది. అక్కడ మాత్రం ఆ కారణం చెప్పకపోవడం వల్లే, విన్న ప్రతి ఒక్కరూ తమ కారణాన్ని అందులో పెట్టుకున్నారు.

ఆ జలసంధి మామూలుది కాదు. 1954 సెప్టెంబరు 26న తుపానులో ‘తోయా మారు’ అనే ఓడ మునిగి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ విషాదం తర్వాత సముద్రం కింద సొరంగం తవ్వాలన్న ఆలోచన ఊపందుకుంది. 53.85 కిలోమీటర్ల సెయికన్‌ సొరంగంలో 1988 మార్చిలో రైళ్లు మొదలయ్యాయి. దాంతో 80 ఏళ్లుగా నడిచిన ఆ రైల్వే ఓడలు ఆగిపోయాయి. అయినా పాట ఆగలేదు. డిసెంబరు 31 రాత్రి జపాన్‌ కుటుంబాలన్నీ టీవీ ముందు కూర్చుని చూసే ‘కోహకు’ పాటల పోటీలో సయూరి దాన్ని ఎన్నోసార్లు పాడారు. అఒమోరి రేవులో ‘హక్కోదా మారు’ అనే పాత ఓడను మ్యూజియంగా మార్చారు. దాని దగ్గరే ఈ పాటకో స్మారక శిల ఉంది. మనిషి దగ్గరికి వస్తే చాలు... రాయి పాడుతుంది!

అక్కడా అదే సీసా

విరహం అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది 1953 నాటి ‘దేవదాసు’. అక్కినేని మత్తు కళ్లు, ఘంటసాల గొంతు... ఇంక చెప్పేదేముంది! ఆ బాణీలు కట్టిన సి.ఆర్‌.సుబ్బరామన్‌ మాత్రం సినిమా విడుదలను చూడలేదు. 1952లోనే, చిన్న వయసులో కన్నుమూశారు.

అంతకు 22 ఏళ్ల ముందే, 1931లో, జపాన్‌ను ఒక మద్యం పాట ఊపేసింది. మద్యమన్నది కన్నీరా, నిట్టూర్పా అని అడుగుతుంది దాని పేరు. స్వరకర్త కోగా మసావో. ఆయనే ‘కనషీ సాకే’కు బాణీ కట్టారు. విషాద మధువు అన్నమాట. 1966లో దాన్ని పాడింది మిసోరా హిబారి. ప్రేమించినవాడికి దూరమై ఒంటరిగా తాగుతున్న మనిషి పాట అది. దాన్ని పాడుతూ వేదిక మీదే హిబారి కన్నీళ్లు పెట్టుకునేవారు.

మన దగ్గర సీసా హీరోకే సొంతం. పార్వతికి మిగిలింది మౌనమే. ఒక్క విషయంలో మాత్రం భలే పోలిక! ‘దేవదాసు’లో ‘అంతా భ్రాంతియేనా’ పాడిన కె.రాణి అప్పటికింకా చిన్నపిల్ల. హిబారి కూడా అంతే. 1949లో ‘కనషికి కుచిబుయె’ అనే విషాదగీతంతో దేశమంతా పేరు తెచ్చుకునేనాటికి ఆమెకు పన్నెండేళ్లే. ప్రేమంటే ఏమిటో తెలియని గొంతులు పెద్దవాళ్ల గుండెల్ని ఎలా పిండాయో మరి!

స్వరం ఒక్కటే తేడా

భాష అర్థం కాకపోయినా ఆ పాటలు మనకు పరాయిగా అనిపించవు. అందుకు కారణం స్వరాల్లో ఉంది. జపాన్‌ వాళ్ల వరసను ‘యో-నా-నుకి’ అంటారు. నాలుగు, ఏడు తీసేసినది అని అర్థం. అంటే మ, ని ఉండవు. స రి గ ప ద... మన మోహన రాగంలో ఉండేవీ అవే! అది సంతోషానికి. విషాదానికి వాళ్లు ఇందులోనే గాంధారాన్ని, ధైవతాన్ని ఒక్కో మెట్టు దించుతారు. మనవాళ్లు మోహనలో గాంధారాన్ని మాత్రం దించితే శివరంజని. తెలుగు సినిమా ఏడుపు పాటల్లో సగం బాధ్యత మోసిన రాగమది! వాళ్ల విషాదానికీ మన విషాదానికీ తేడా ఒక్క ధైవతం. గొంతును అలలా ఊపే ‘కొబుషి’ అనే పద్ధతి కూడా వాళ్లకుంది. మన గమకానికి దూరపు చుట్టం.

ఎదురుచూసిన ఆడవాళ్లు

1975లో మియాకో హరుమి పాడిన ‘కితా నో యాదో కరా’లో ఒకామె స్వెట్టర్‌ అల్లుతుంటుంది. అతను వేసుకోడని తెలుసు. అయినా అల్లుతుంది. ఇలాంటి ఆడవాళ్ల కథలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. ఊర్మిళాదేవి నిద్ర పాట చాలా ఇళ్లలో అమ్మమ్మలకు కంఠతా వచ్చు. భర్త అన్న వెంట అడవికి వెళ్తే పద్నాలుగేళ్లు నిద్రలోనే గడిపి, తిరిగొచ్చినవాణ్ని పరాయివాడనుకుని కంగారుపడిన ఇల్లాలు ఆమె.

ఇక పల్నాడంటే అందరికీ పౌరుషమే గుర్తొస్తుంది. కానీ ఈ నేల చెప్పుకొనే పెద్ద కథలో గుండెను తాకేది మాంచాల ఘట్టమే. అంతవరకూ తనను పట్టించుకోని బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ సెలవు కోసం ఆమె ఇంటికి వస్తాడు. ఆ కాస్త సమయంలో ఆమె నిష్ఠూరమాడవచ్చు. ఆడదు. చేతికి కత్తి ఇచ్చి పంపుతుంది. ఏటా కార్తిక అమావాస్యకు కారంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడతారు. వీరగాథ అంటాం గానీ ఆ ఘట్టం మాత్రం అచ్చమైన వీడ్కోలు పాట. జపాన్‌ శ్రోతకు వినిపిస్తే, అతను ఎవరిది తప్పు అని అడగడు.

మరి చేతిలో ఫోన్‌ ఉండి, వీడియో కాల్‌లో ఎప్పుడంటే అప్పుడు మొహం కనిపించే ఈ రోజుల్లో ఎడబాటు పాట ఎవరికి కావాలి? ఆ ప్రశ్నకు అదే ఫోన్‌ జవాబు చెప్పింది. 1979లో మత్సుబారా మికి అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి ‘మయొనాకా నో డోర్‌’ పాడింది. ఎన్‌కా కాదు, హుషారైన నగర సంగీతం. కథ మాత్రం పాతదే... వెళ్లిపోతున్నవాణ్ని అర్ధరాత్రి తలుపు దగ్గర ఆపాలనుకున్న అమ్మాయి బాధ. 2004లో, 44 ఏళ్లకే, మికి క్యాన్సర్‌తో చనిపోయింది. 2020లో ఆ పాట ఉన్నట్టుండి ప్రపంచమంతా మోగింది. స్పాటిఫై వైరల్‌ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. తల్లులు జపాన్‌ వాళ్లయిన కుర్రాళ్లు కొందరు ఇంట్లో ఈ పాట పెట్టి, అమ్మ ఏం చేస్తుందో వీడియో తీశారు. వంటింట్లో పనిలో ఉన్న అమ్మలు ఒక్క క్షణం ఆగి, నవ్వి, గొంతు కలిపారు.