బొగ్గుపులుసు గాలికి పాతర

పొగగొట్టమునుండి వెలువడు బొగ్గుపులుసు గాలిని ఆకాశమున గలియకముందే పట్టి, ద్రవప్రాయమగునట్లు నొక్కి, భూగర్భమున శాశ్వతముగా నిక్షేపించు విద్య కొత్తది కాదు. నార్వేవారు 1996 నుండియు ఉత్తరసముద్ర గర్భమున స్లైప్నర్ క్షేత్రమునందు ఈ పని చేయుచునే యున్నారు. కొత్తదల్లా, ఆ విద్యకై ప్రభుత్వముల బొక్కసములు తెరచుకొనుట. మన కేంద్రప్రభుత్వము సైతము 2026 బడ్జెటులో విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, చమురుశుద్ధి, రసాయన పరిశ్రమలయందు దీనిని నెలకొల్పుటకై ఐదేండ్లలో 20,000 కోట్ల రూపాయలు వెచ్చింప సంకల్పించినది గనుక, ఈ త్రోవను ముందు నడచిన అమెరికావారి లెక్కల చిట్టా నొకమారు తిరుగవేయుట అకాలము గాదు.

ఆర్థికమాంద్యమునుండి దేశమును గట్టెక్కించుటకై 2009లో చేసిన శాసనము క్రింద అమెరికా ఇంధనశాఖకు ఈ పనికై 340 కోట్ల డాలర్లు లభించినవి. సొమ్ము త్వరగా మార్కెట్టున తిరుగవలెననుట ఆ శాసనపు ఆశయము. భూగర్భశాస్త్రమునకో, తొందర పనికిరాదు. ఏడాదివరకు పట్టదగిన ఒప్పందపు మంతనములు మూడు మాసములలోపుననే ముగిసెను. ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము 2021 డిసెంబరులో ప్రకటించిన నివేదిక ననుసరించి, బొగ్గుకు సంబంధించిన ఎనిమిది ప్రణాళికలకు దాదాపు 68 కోట్ల 40 లక్షల డాలర్లు ముట్టగా, వానిలో నిర్మాణము పూర్తియై పనిచేసినది ఒక్కటే. గడువులు తప్పుచున్నను నిధులాపవలదని పైయధికారులు ఆదేశించుటచే, నాలుగు ప్రణాళికల తొలిదశలకే అనుకొన్నదానికన్న సుమారు 30 కోట్ల డాలర్లు అధికముగా వ్యయమైనవి. ఆ నాలుగును కట్టనే లేదు. మోసము జరిగినదని ఎవ్వరు ననలేదు. కాని, మోసము లేకుండనే ఇంత ధనము హరించుకొనిపోవుట మరింత చింతింపదగిన విషయము.

పనిచేసిన ఆ ఒక్కటి హ్యూస్టన్ సమీపమున 2017లో ప్రారంభమైన పెట్రా నోవా. అమీను ద్రావణము పొగలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనును. ఆ ద్రావణమును ఆవిరితో కాచినచో పీల్చుకొన్నదానిని విడిచిపెట్టును. ఈ కాచుటకే శక్తి మిక్కిలిగా ఖర్చగును. అందులకు కావలసిన ఆవిరికై వారు ప్రత్యేకముగా మరియొక గ్యాసు యంత్రమును నెలకొల్పుకొనవలసివచ్చెను! పట్టిన వాయువును గొట్టము ద్వారా సుమారు 130 కిలోమీటర్లు పంపి, పాత చమురుబావులలోనికి నెట్టి, మిగిలిన చమురును పైకి తోడిరి. చమురుధర పడిపోయిన 2020లో యంత్రములాగి, తిరిగి 2023లో తిరిగినవి. ప్రజాధనముతో పట్టిన గాలి మరింత చమురును మండించుటకు తోడ్పడుట ఎంతటి విడ్డూరము!

ఆ 2009 శాసనపు సొమ్ములో ఈ విద్యను నేర్పు శిక్షణకు దక్కినదెంత? ఏడు ప్రాంతీయ శిక్షణ ప్రణాళికలకు 84 లక్షల డాలర్లు. వేరుగా విశ్వవిద్యాలయముల విద్యార్థి పరిశోధనలకు మరికొంత. పై మొత్తముల ప్రక్కన ఇది చిల్లర. అయినను, ఇలినాయి రాష్ట్రమున డెకేటర్ పట్టణమును చూచినచో ఆ చిల్లర విలువ తెలియును. అచ్చటి మొక్కజొన్న ఇథనాలు కర్మాగారపు వాయువును 2011 నవంబరునుండి మూడేండ్లలో పదిలక్షల టన్నుల మేరకు, దాదాపు 7,000 అడుగుల లోతుననున్న మౌంట్ సైమన్ ఇసుకరాతి పొరలోనికి దింపిరి. ప్రక్కనేయున్న రిచ్‌లాండ్ కమ్యూనిటీ కళాశాలలో ఈ విద్య నేర్పుటకు కేంద్రము వెలసినది. ఆ తరువాత, అదే కర్మాగారమున 2017లో మొదలైన పెద్ద ప్రణాళికకు చెందిన పరిశీలనబావి యొకటి సుమారు 5,000 అడుగుల లోతున త్రుప్పుపట్టి, లోపలి ద్రవము అనుమతిలేని పొరలోనికి జారినట్లు 2024లో వెల్లడియైనది. త్రాగునీటికి హాని కలుగలేదనిరి. వాయువును దింపుట మాత్రము ఆపవలసివచ్చెను. తడి తగిలిన బొగ్గుపులుసు గాలి ఆమ్లమై ఉక్కును తినును; ధాన్యపు పాతరకు మూత యెట్లో, ఈ బావులకు లోపలి గొట్టమును, దానిచుట్టు సిమెంటును అట్లు. వానిని తరతరములు పరీక్షించు మనుష్యులు లేనిచో యంత్రములెన్ని కొన్నను వ్యర్థము.

దక్కను నల్లరాతిపొరలలో ఈ వాయువును బంధింపవచ్చునాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఇదివరకే పరిశీలించియున్నది. పల్నాటి సిమెంటు కర్మాగారములును, విశాఖ ఉక్కును ఈ నిధుల పరిధిలోని పరిశ్రమలే. కావున ఢిల్లీ పెద్దలకు మనవి యొకటి: ఒక్కొక్క దశ ముగిసి, స్వతంత్రముగా తనిఖీ యైన పిమ్మటనే తరువాతి వాయిదా సొమ్మును విడుదల చేయుడు, బావులను కనిపెట్టియుండు వారి శిక్షణకు ఆ 20,000 కోట్లలో కొంత భాగమును ముందుగనే వేరుచేసి యుంచుడు.