తేలికదనం – సుస్థిరత: నిర్మల్ పొనికి కర్ర నుంచి రాకెట్ దేహం వరకు

ప్రవేశిక

రాకెట్ బరువు తగ్గితే పర్యావరణంపై భారమూ తగ్గినట్లేనన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. నిజానికి తేలికదనం, సుస్థిరత రెండు వేర్వేరు గుణాలు. ఆ భేదాన్ని ఉత్తర తెలంగాణ హస్తకళల ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

బరువు లెక్క

రాకెట్ తన ఇంధనాన్నీ, దానిని మండించే ఆక్సీకరణినీ తానే మోసుకుపోతుంది. ఈ రెంటినీ కలిపి చోదకం అంటారు. రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన సమీకరణాన్ని అనుసరించి, వెలువడే వాయువుల వేగం సెకనుకు 3 కిలోమీటర్లయితే, ఒకే దశ గల రాకెట్ సెకనుకు 9 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాని తొలి ద్రవ్యరాశిలో సుమారు 95 శాతం చోదకమే ఉండాలి. ఇంజన్, ట్యాంకులు, ఉపగ్రహం మిగిలిన 5 శాతంలో ఇమడాలి. తేలిక పదార్థాల అన్వేషణకు మూలకారణం ఇదే.

తేలికదనానికి రెండు మార్గాలు

మొదటిది పదార్థాన్ని మార్చడం. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన విక్రమ్-ఎస్ దేహం కార్బన్ సంయుక్త పదార్థంతో నిర్మితమైనది. ఇందులో కార్బన్ పోగులు బలాన్ని భరిస్తాయి, రెసిన్ వాటిని పట్టి ఉంచుతుంది. దీని సాంద్రత ఉక్కు సాంద్రతలో దాదాపు ఐదో వంతు. కర్ర కూడా ప్రకృతిసిద్ధమైన సంయుక్త పదార్థమే: సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ బంధిస్తుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ కళాకారులు బొమ్మలకు ఎంచుకున్న పొనికి కర్ర తేలికైనది, మెత్తనిది.

రెండోది రూపాన్ని మార్చడం. కరీంనగర్ వెండి తీగపనిలో లోహం మారదు. సన్నని తీగల నడుమ విడిచిన ఖాళీ వస్తువును తేలిక చేస్తుంది. త్రీడీ ముద్రణతో తయారయ్యే జాలక నిర్మాణాలలోనూ ఇదే సూత్రం ఉంది. అంతమాత్రాన రాకెట్ విద్య ఈ కళల నుంచి పుట్టిందనడం అసంగతం. పోలిక సూత్రానికే పరిమితం.

సుస్థిరత ప్రశ్న

పొనికి కర్ర తేలికే కాని, అడవిలో ఆ చెట్లు తగ్గడంతో నిర్మల్ కళాకారులు కర్ర కొరతను ఎదుర్కొంటున్నారు. బొమ్మ బరువు తగ్గినా అడవిపై భారం తగ్గలేదు. కార్బన్ సంయుక్త పదార్థాల విషయమూ ఇటువంటిదే. వాటిలో ఎక్కువగా వాడే రెసిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అందువల్ల పునర్వినియోగం కష్టం.

ఇంధనాన్నీ ఇలాగే పరిశీలించాలి. స్కైరూట్ 2021లో పరీక్షించిన ధవన్-1 ఇంజన్ ద్రవీకృత సహజవాయువును వాడుతుంది. కిరోసిన్‌తో పోలిస్తే మసి తక్కువ. అయితే సహజవాయువు శిలాజ ఇంధనం. అందులోని ప్రధాన భాగమైన మీథేన్ లీకైతే భూతాపాన్ని పెంచుతుంది.

అల్యూమినియం ఉపగ్రహాలు వాతావరణంలో కాలిపోతూ అల్యూమినియం ఆక్సైడ్ కణాలను మిగులుస్తాయి. దీనికి ప్రత్యామ్నాయంగా జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం, సుమిటోమో ఫారెస్ట్రీ కలిసి కర్రతో లిగ్నోశాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని రూపొందించాయి. దాని పెట్టెను మరలు, జిగురు లేకుండా సంప్రదాయ వడ్రంగి పద్ధతిలో అమర్చారు. అది 2024 నవంబర్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది. ఇక్కడ కర్రను ఎంచుకోవడానికి ప్రధాన కారణం బరువు కాదు, కాలిన తరువాత మిగిలే శేషం.

ఉపసంహారం

తేలికదనాన్ని తూకం తేలుస్తుంది. సుస్థిరతను తేల్చాలంటే ముడిసరుకు ఎక్కడిది, మండినప్పుడు ఏమి వెలువడుతుంది, చివరికి ఏమి మిగులుతుంది అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం కావాలి. తెలుగులో శాస్త్ర రచన చేసేవారు ఈ రెండు మాటలను పర్యాయపదాలుగా వాడితే పాఠకుడు ఆ మూడు ప్రశ్నలనూ అడగలేడు. పరిభాషా నిర్మాణంలో ఈ భేదాన్ని నిలుపుకోవడం అవసరం.