మిలిటరీ జీపు కొన్నారా? రంగు కంటే ముందు ఇంజిన్ ఫౌండేషన్లు చూడండి

నౌపడ (శ్రీకాకుళం జిల్లా): సైన్యం పక్కన పెట్టిన జీపులు, జిప్సీలు వేలంలో చేతులు మారి మామూలు జనం దగ్గరికి వస్తుంటాయి. కొన్నవాళ్లు ముందుగా టైర్లు, సీట్లు, పెయింట్ మీద డబ్బు పెడతారు. ఇంజిన్, గేర్‌బాక్స్ కూర్చునే రబ్బరు దిమ్మల సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. షెడ్లలో వీటిని ఫౌండేషన్లు అంటారు, కంపెనీ పుస్తకాల్లో మౌంట్లు అని ఉంటుంది. ఖరీదులో చిన్న సామానే. కానీ ఎంపిక తప్పితే గేర్‌బాక్స్ గూడు పగలొచ్చు, బండి అదుపు తప్పొచ్చు.

విరిగితే ఏమవుతుంది?

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 1971లో జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. కారణం ఇంజిన్ మౌంట్లే. రబ్బరు ఊడితే ఇంజిన్ ఒక పక్కకు పైకి లేచి, యాక్సిలరేటర్ లింకును లాగేసే ప్రమాదం ఉంది. అంటే డ్రైవర్ కాలు తీసినా బండి దూసుకుపోతుంది. అందుకే పాత బండికి మౌంట్ కొనేటప్పుడు, రబ్బరు తెగినా రెండు ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే రకం దొరికితే అదే తీసుకోవడం మంచిది.

గట్టిదే మంచిదా?

మౌంట్‌కు రెండు పనులు. ఒకటి ఇంజిన్‌ను కదలకుండా పట్టుకోవడం, రెండోది దాని అదురు ఛాసిస్‌కు చేరకుండా ఆపడం. మొదటి పనికి గట్టి రబ్బరు కావాలి, రెండోదానికి మెత్తటిది కావాలి. నిమిషానికి 750 చుట్లతో ఐడ్లింగ్‌లో ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. మౌంట్ మరీ గట్టిదైతే ఆ 25 దెబ్బలూ ఛాసిస్‌కే తగులుతాయి. బోల్టులు వదులవుతాయి, బ్రాకెట్ల వెల్డింగ్ దగ్గర పగుళ్లు వస్తాయి.

'మజ్బూత్‌గా ఉంటుంది' అని కొందరు పాలీయూరితేన్ మౌంట్లు వేయిస్తారు. అవి పందేలకు, మరీ కఠినమైన ఆఫ్-రోడ్ వాడకానికి పనికొస్తాయి. రోజూ ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి మాత్రం కంపెనీ చెప్పిన రబ్బరే సరైనది. రబ్బరు బదులు ఇనుప ముక్క పెట్టి నేరుగా బిగించడం అసలు వద్దు.

లెక్క బరువుది కాదు, టార్క్‌ది

చాలామంది ఇంజిన్ బరువు చూసి మౌంట్ ఎంచుకుంటారు. ఫోర్ వీల్ బండికి ఆ లెక్క చాలదు. ఉదాహరణకు ఇంజిన్ 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. ఫస్ట్ గేర్‌లో అది 3.5 రెట్లయితే 350. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను లో రేంజ్‌లో వేస్తే ఇంకో 2 రెట్లు, మొత్తం 700. చక్రాల వైపు ఎంత బలం వెళ్తుందో, అంతే బలం ఎదురుగా ఇంజిన్-గేర్‌బాక్స్ కూర్పును మెలిపెడుతుంది. బురదలో చక్రం దిగబడి లో గేర్‌లో లాగినప్పుడు ఆ మెలికను ఆపేది ఈ రబ్బర్లే.

జీపు వేరు, జిప్సీ వేరు

1945లో 'మహీంద్రా అండ్ మొహమ్మద్' పేరుతో మొదలైన కంపెనీయే తర్వాత మహీంద్రా అండ్ మహీంద్రాగా మారి విల్లీస్ జీపులను ఇక్కడ తయారు చేసింది. ఆ జీపుల్లో ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకే కూర్పు. ముందు రెండు మౌంట్లు, వెనక గేర్‌బాక్స్ కింద ఒకటి ఉంటాయి. కాబట్టి పైన చెప్పిన 700 మొత్తం వాటి మీదే పడుతుంది. యుద్ధకాలపు విల్లీస్‌లో క్లచ్ తొక్కినప్పుడు ఇంజిన్ ముందుకు జరగకుండా ఒక స్టే కేబుల్ కూడా ఉండేది. పాత బండ్లలో అది ఊడిపోయి ఉంటే మళ్లీ వేయించాలి.

మారుతి జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ వేరుగా, తన సొంత రబ్బర్ల మీద కూర్చుంటుంది. అక్కడ ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంట్లపై 350 పడితే, మిగతా 350 ట్రాన్స్‌ఫర్ కేస్ రబ్బర్లు మోస్తాయి. ఇంజిన్ మౌంట్లు మాత్రమే మార్చి వీటిని వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఇంజిన్ మార్పిస్తే

పెట్రోలు తీసి డీజిల్ ఇంజిన్ పెడితే బరువు, టార్క్, అదురు మూడూ మారతాయి. పాత మౌంట్లు పనికిరావు. కొత్త ఇంజిన్‌కు దాని కంపెనీ ఇచ్చిన మౌంట్లే వాడి, ఛాసిస్ బ్రాకెట్లను వాటికి తగ్గట్టు చేయించాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 52 నిషేధిస్తోంది. కాబట్టి షెడ్డుకు వెళ్లే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. సైన్యపు ఆలివ్ గ్రీన్ రంగు కూడా పౌర వాహనాలకు వేయకూడదు.

ఉప్పు గాలిలో

నౌపడ అంటేనే ఉప్పు మడులు. ఇలాంటి చోట తుప్పు ముందుగా పట్టేది రబ్బరూ ఇనుప రేకూ అతుక్కున్న అంచునే. పైకి రబ్బరు నల్లగా, బాగానే కనిపిస్తుంది, లోపల అతుకు ఊడి ఉంటుంది. ఏళ్ల తరబడి కొట్లో పడి ఉన్న 'కొత్త' సామాను కూడా ఇలాగే మోసం చేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో అంచు లేపి చూసి కొనాలి. సహజ రబ్బరుకు ఆయిల్ పడదు, ఉబ్బి మెత్తబడుతుంది. అందుకే ముందు ఆయిల్ లీకులు ఆపాలి, తర్వాతే కొత్తవి వేయాలి.

బిగించేటప్పుడు

మౌంట్లన్నీ ఒకేసారి, సెట్టుగా మార్చాలి. ఒకటి కొత్తది, మిగతావి పాతవి అయితే బరువు సమంగా పడదు. బోల్టులు ముందు వదులుగా పెట్టి, ఇంజిన్ తన బరువుతో కూర్చున్నాకే బిగించాలి. సైలెన్సర్ పైపు ఆ తర్వాత. ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు చూసుకోవాలి.

ఇంకొకటి మరచిపోకూడదు. రబ్బరు గుండా కరెంటు పారదు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఎర్త్ పట్టీ వేయకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటు క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ల గుండా వెళ్లి వాటిని కాల్చేస్తుంది. పని పూర్తయ్యాక హ్యాండ్ బ్రేకు వేసి, బండి ముందు ఎవరూ లేకుండా చూసి, గేర్‌లో క్లచ్ కొంచెం వదలాలి. పక్క నుంచి చూస్తున్న మనిషికి ఇంజిన్ కొద్దిగా ఒరిగి ఆగినట్టు కనిపిస్తే సరే. ఒక పక్క పైకి లేస్తుంటే ఆ మౌంట్ విప్పి మళ్లీ చూడాల్సిందే.