అడగాలా... లెక్కపెట్టాలా... కలిసి బతకాలా?

సమాజం గురించి నిజం తెలుసుకోవాలంటే ప్రయోగశాలలు పనికిరావు. మనుషుల్నే అడగాలి, చూడాలి, లెక్కపెట్టాలి. పరిశోధకులు ఏ దారి ఎంచుకున్నారన్నదాన్ని బట్టే అందులో ఎవరు కనిపిస్తారో, ఎవరు మరుగున పడతారో తేలిపోతుంది. సామాజిక శాస్త్రంలో పద్ధతి ఎంపిక అంత కీలకం మరి!

చేతిలో ప్రశ్నల కాగితంతో ఓ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు సర్వే కుర్రాడు.

'మీరేం పని చేస్తారమ్మా?'

'నాకేం పనుంటుంది బాబూ... ఇంట్లోనే ఉంటా!'

'పని లేదు' అన్న గడిలో టిక్కు పడింది. కుర్రాడు పక్కింటికి వెళ్లిపోయాడు. చీకటితోనే లేచి కళ్లాపి చల్లి, గేదె పాలు పితికి, పిల్లలకు క్యారేజీలు కట్టి, మధ్యాహ్నం చేనుకు అన్నం తీసుకెళ్లి, పనిలోపనిగా కలుపు కూడా తీసొచ్చే ఆవిడ... ఆ కాగితం లెక్కన ఖాళీగా ఉన్నట్టే!

ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన తీరే అలా ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఇదే సంగతిని మరోలా అడిగింది. 'నిన్న తెల్లవారుజామున 4 గంటల నుంచి ఈరోజు 4 గంటల దాకా ఏమేం చేశారు?' అంటూ అరగంటకో గడి చొప్పున రాసుకుంది. అప్పుడు తేలింది... జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనుల్లో చెయ్యి వేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 97 నిమిషాలేనని. ప్రశ్న మారేసరికి అప్పటిదాకా కనిపించని దాదాపు అయిదు గంటల చాకిరీ లెక్కలోకి వచ్చింది.

మెతుకు పట్టి చూస్తే...

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెడూ తిననక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు. నమూనా సర్వేల సూత్రం కూడా అదే. కాకపోతే గిన్నె అడుగుదాకా కలిపి తీసిన మెతుకై ఉండాలి!

ఆ చిన్న విషయం మరిచిపోయి పరువు పోగొట్టుకుంది అమెరికా పత్రిక 'లిటరరీ డైజెస్ట్'. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు ఏకంగా కోటిమందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడని ఢంకా బజాయించింది. గెలిచిందేమో రూజ్‌వెల్ట్, అదీ బ్రహ్మాండమైన మెజారిటీతో. తప్పెక్కడ జరిగింది? చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల జాబితాల నుంచీ తీసుకున్నారు. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నదెవరికి? పైగా పంపినవాటిలో ముప్పావు వంతు కార్డులు తిరిగి రానేలేదు. అంతకంటే ఎంతో తక్కువమందిని అడిగిన జార్జ్ గాలప్ మాత్రం ఫలితాన్ని సరిగ్గా చెప్పగలిగాడు.

ఊళ్లోనే మకాం

లెక్కలు 'ఎంతమంది' అన్నది చెబుతాయి. 'ఎందుకు' అన్నది తెలియాలంటే ఊళ్లోకి వెళ్లాల్సిందే. 1950ల తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శ్యామాచరణ్ దూబే ఆ పనే చేశారు. విశ్వవిద్యాలయ సేవా కార్యక్రమంలో భాగంగా వేర్వేరు విభాగాలవారితో కలిసి హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేశారు. కులాలు, కుటుంబాలు, పండగలు, పంటలు... ఏదీ వదల్లేదు. 1955లో వచ్చిన ఆయన 'ఇండియన్ విలేజ్'తో మన తెలుగు పల్లె ప్రపంచ విద్యార్థులకు పాఠమైంది.

మైసూరు దగ్గరి ఓ పల్లెలో 1948లో నెలల తరబడి మకాం వేశారు ఎం.ఎన్.శ్రీనివాస్. ఊరివారి ఆనవాళ్లు బయటపడకుండా దానికి 'రాంపుర' అని పేరు పెట్టారు. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా, దుండగులు పెట్టిన నిప్పుకు ఆయన ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు బూడిదైపోయింది. అయినా గుండె దిటవు చేసుకుని జ్ఞాపకాల్లోంచే 'ది రిమెంబర్డ్ విలేజ్' రాశారు. 1976లో అచ్చయిన ఆ పుస్తకంలో తన పరిమితినీ దాచుకోలేదాయన. బస ఏమో ఊరిపెద్ద ఇచ్చిన చోట, పుట్టుక ఏమో బ్రాహ్మణ కుటుంబంలో. దాంతో దళితవాడలోకీ ముస్లింల ఇళ్లకూ అంత చనువుగా వెళ్లలేకపోయారు. ఎంత కలిసి బతికినా ఏ అరుగు మీద కూర్చున్నామో అక్కణ్నుంచే ఊరు కనిపిస్తుంది!

గడి మారితే...

పోనీ, ప్రభుత్వ రికార్డుల్ని నమ్ముకుంటే? ఫ్రాన్స్ పండితుడు ఎమిల్ డ్యుర్‌కైమ్ 1897లో ఆ దారే పట్టారు. ఐరోపా దేశాల లెక్కలు ముందేసుకుని, ఆత్మహత్యల వెనుక సామాజిక కారణాలుంటాయని వాదించారు. కానీ ఒక మరణాన్ని ఏ గడిలో రాయాలో నిర్ణయించేదీ మనుషులే కదా!

మన దేశం సంగతే చూడండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2013లో ఆత్మహత్య చేసుకున్న రైతులు 11,772 మంది. 2014లో ఆ సంఖ్య 5,650. సగానికి సగం తగ్గిపోయిందని సంబరపడదామంటే... ఆ ఏడాదే వ్యవసాయ కూలీలకు వేరే గడి పెట్టారు. అందులో 6,710 మంది! రెండూ కలిపితే 12,360. భూమి పత్రం చేతిలో లేని కౌలు రైతు, పాస్‌బుక్కులో పేరు లేని మహిళా రైతు ఏ గడిలో పడతారన్నది ఆ రికార్డు రాసేవారి చేతిలో ఉంటుంది. పరిహారం అందుతుందా లేదా అన్నదానికీ ఆ రాతే కీలకమవుతుంది. పుస్తకాల్లో చదువుకునే 'పద్ధతి' ఓ ఇంటి బతుకును తాకేది ఇక్కడే.

మరి ఏది మంచిది?

ఏది తెలుసుకోవాలన్నది ముందు తేల్చుకోవాలి, పద్ధతి ఆ తర్వాత. జిల్లాలో ఎంతమంది ఆడపిల్లలు పదో తరగతితో చదువు ఆపేశారో తెలియాలంటే సర్వే కావాలి. ఎందుకు ఆపేశారో తెలియాలంటే ఆ పిల్ల పక్కన కూర్చుని మాట్లాడాలి. అత్తగారు వరండాలో ఉండగా 'మీ ఇంట్లో గొడవలున్నాయా' అని కోడల్ని అడిగితే వచ్చే జవాబేమిటో చెప్పాలా? అలాంటి సంగతులకు ఏకాంతం కావాలి, అవతలివారి అంగీకారం కావాలి, పేరు బయటకు రాదన్న భరోసా కావాలి. అందుకే చాలామంది పరిశోధకులు లెక్కనూ మాటనూ జత చేస్తారు. ముందు సర్వే చేసి సమస్య ఎక్కడుందో పట్టుకుంటారు. తర్వాత కొన్ని ఇళ్లలో తీరిగ్గా కూర్చుంటారు.

ఈసారి ఎవరైనా కాగితం పట్టుకుని ఆ గుమ్మం ముందుకొచ్చి 'నిన్న పొద్దున్నుంచీ ఏమేం చేశారమ్మా' అని అడిగి చూడాలి. ఆవిడ చెప్పడం మొదలుపెడితే... రాసుకోవడానికి ఆ ఒక్క కాగితం చాలదు!