కల్లంలో కేసులు... పరీక్షలో ప్రశ్నలు

మిరప కోతలు మొదలైతే పల్నాడు నుంచి ఒంగోలు దాకా ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. పగలంతా ఎండిన కాయకు రాత్రి కాపలా తప్పదు. ఆ కాపలా మంచమ్మీద, బల్బు వెలుగులో లావుపాటి పుస్తకం తిరగేస్తూ ఓ కుర్రాడు కనిపిస్తే... గుంటూరులోనో ఒంగోలులోనో లా చదువుతున్నాడని అనుకోవచ్చు. చేతిలో నేరాల చట్టం, పక్కనే ఆ చట్టం కాపాడాల్సిన సొత్తు!

దొంగతనం నిర్వచనాన్ని బట్టీపట్టడం తేలికే. చిక్కంతా దాన్ని సంఘటనకు అన్వయించడంలో ఉంది. చెట్టునున్న మిరపకాయ భూమిని అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ చరాస్తి కాదు. దురుద్దేశంతో, యజమాని ఒప్పుకోకుండా తెంపాడో... ఆ తెంపడంతోనే దొంగతనం అయిపోయినట్టు. సంచి చేనుగట్టు దాటక్కర్లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో ఇందుకో ముచ్చటైన ఉదాహరణ ఉంది. నిధిపెట్టె మోస్తున్న ఎద్దును దొంగ తనకు కావాల్సిన దిక్కుకు తోలితే, అది కదలడం మొదలెట్టగానే నేరం జరిగిపోయినట్టే!

శిక్ష దగ్గర ఇంకో మెలిక. మామూలు దొంగతనానికి మూడేళ్ల వరకూ జైలు. మనుషులు ఉండటానికో సరుకు దాచడానికో వాడే కట్టడంలో, డేరాలో జరిగితే ఏడేళ్ల వరకూ. మరి కల్లం మీద టార్పాలిన్ కప్పితే అది డేరా అవుతుందా? దీనిమీద వాదించేవాళ్లుంటే తెల్లారిపోతుంది.

దీనికితోడు అంకెల గొడవ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 378 కాస్తా 303 అయింది. జనం నోట తిట్టుగా స్థిరపడిన 420 ఇప్పుడు 318లో కలిసింది. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం పాత చట్టమే. అంటే రెండు సెట్ల నంబర్లూ నోటికి రావాల్సిందే.

రైతుకి ఎక్కువ నష్టం చేసేది రాత్రి వచ్చే దొంగ కాదు, పగలు నవ్వుతూ పలకరించేవాడు. రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండ్ తెచ్చుకున్నాడు. నిర్వాహకుడు వాటిని గుట్టుగా అమ్మేసుకున్నాడు. ఇది దొంగతనం కాదు, సరుకు అతని చేతికి సక్రమంగానే వచ్చింది కదా! ఇది నమ్మకద్రోహం. గిడ్డంగి నిర్వాహకుడే చేస్తే ఏడేళ్ల వరకూ శిక్ష పడొచ్చు. అదే వ్యాపారికి అప్పు మీద అమ్మితే, అతను ఐపీ పెడితే? కొన్నప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని రుజువైతే మోసం. లేదంటే ఉత్త బాకీ, సివిల్ కోర్టు చుట్టూ తిరగాలి. పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన రైతు ‘ఇది సివిల్ మేటర్’ అన్న మాట విని వెనక్కి రావడానికి కారణం ఈ సన్నటి గీతే.

టార్ట్స్ పేపరు సంగతి వేరు. దీనికి సెక్షన్ల పుస్తకం లేదు, అన్నీ తీర్పులే. పక్క చేలో కొట్టిన 2,4-డి కలుపుమందు గాలికి వచ్చి పత్తి ఆకులు ముడుచుకుపోయాయనుకోండి. కావాలని చేస్తే నేరం. అజాగ్రత్త వల్ల జరిగితే టార్ట్, పరిహారం అడగొచ్చు.

రెండు పేపర్లకూ పనికొచ్చే కేసు కస్తూరిలాల్‌ది. 1947లో మీరట్ పోలీసులు ఆ సంస్థ భాగస్వామి దగ్గర వంద తులాలకు పైగా బంగారం పట్టుకున్నారు. దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబుల్ పాకిస్థాన్ పారిపోయాడు! అది ప్రభుత్వపు సార్వభౌమాధికార విధి కాబట్టి పరిహారం రాదంది సుప్రీంకోర్టు. ఆ గోడకు బీట పెట్టిన వాటిలో మన రాష్ట్రం కేసూ ఉంది. 1975లో నాగేంద్రరావు అండ్ కో అనే దుకాణంలో ఎరువులు, ధాన్యం స్వాధీనం చేసుకున్నారు. ఎరువులు పాడైపోతాయి, అమ్మేయండని వ్యాపారి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా వినలేదు. చివరికి తీసుకెళ్లమనేసరికి సరుకు చెడిపోయింది, తరిగిపోయింది. హైకోర్టు కస్తూరిలాల్ తీర్పు చూపించి కాదంది. 1994లో సుప్రీంకోర్టు మాత్రం అధికారుల నిర్లక్ష్యానికి ప్రభుత్వమే చెల్లించాలని తేల్చింది.

ఇదే పేపర్లో వినియోగదారుల చట్టం కూడా ఉంటుంది. నకిలీ విత్తనంతో దెబ్బతిన్నవాళ్లకు అక్కరకొచ్చే పాఠం అదే. ‘విత్తనం పరీక్షకు పంపలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదు’ అని జాతీయ విత్తన సంస్థ వాదించింది. తెచ్చినదంతా చల్లేసే రైతు, పరీక్ష కోసం గుప్పెడు దాచిపెడతాడని ఆశించలేమంటూ 2012లో సుప్రీంకోర్టు ఆంధ్ర రైతుల పక్షాన నిలిచింది. ఎం.మధుసూదన్ రెడ్డి కేసుగా ఇది పుస్తకాలకెక్కింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. రసీదు, ఖాళీ ప్యాకెట్టు మాత్రం పారేయకూడదు.